రెండు గీతలు

విడవలూరు సెంటర్లో నా కొట్టు.
సిమ్ములు, ఛార్జర్లు, పగిలిన గాజుకి కొత్త గాజు.
పోయిన నెల ఒక డబ్బా అమ్మినా,
అరచెయ్యంత, రెండు చెవులు, కడుపులో సిమ్ము.
రొయ్యల గుంట గట్టు మీద సరుగుడు కొయ్యకి కట్టి
నీళ్ళలో ముంచిన మీటరు తీగ దానికి తగిలించినా.

కావలి చెంచయ్య బీడీ ఆర్పి అడిగినాడు:
"ఈడ్నించి నెల్లూరికి తీగే లేదే,
ఓనరు ఫోనులోకి మాట ఎట్ట పోతాదమ్మా?"

చదివిన చదువంతా చెప్పబోయినా.
తరంగమన్నా, పౌనఃపున్యమన్నా.
ఆయన కాలవలో బుడగలు చూస్తా ఉండాడు.

ఆగి, మళ్ళీ మొదలుపెట్టినా.
వానపడ్డ రాత్రి కప్పలన్నీ ఒక్కసారే అరుస్తాయి గదా మామా,
తన జోడు గొంతేదో ఆడకప్పకి తెలవదా?
టవరుకీ అట్టే.
అందరూ ఒకే గాలిలో అరుస్తారు,
ఎవరి పాయ వాళ్ళకి విడదీసుకుంటాది.

"తెలస్తాది," అన్నాడు, "దగ్గిరదైతే."

నేను చెప్పాల్సిన రెండో పాఠం ఆయనే చెప్పేసినాడు.
దూరమైన కొద్దీ గట్టిగా అరవాల.
ఫోను జేబులో కాలేది అందుకే.
చెవులు తూర్పుకి తిప్పితే సముద్రం, ఒక్క గీత.
పడమటికి తిప్పితే రెండు.
మధ్యలో సరుగుడు తోపు, ఉప్పు తడి.

సాయంత్రం ఏడున్నరకి అదీ ఉండదు.
ఇంటింటికీ ఒక సీరియలు, అరుగు అరుగుకీ ఒక క్రికెట్టు.
ట్యాంకరు ఒకటే, బిందెలు మూడొందలు.
టవరు సెకనుకి వెయ్యిసార్లు చూస్తాది
ఎవురికి చెంబెడు, ఎవురికి గుక్కెడు అని.
మన డబ్బా అడిగేది గుక్కెడే.
అయినా వరసలో నిలబడాల్సిందే.

మాటని ముక్కలు చేసి పంపుతాదన్నా,
పట్టుబడి రోజు రొయ్యల్ని ట్రేలకెత్తినట్టు.
ముక్క ముక్కకీ ఒక నంబరు.
దారిలో ఒకటి జారితే
మళ్ళీ పంపమంటాది అవతల.
"రొయ్యకి ఆ సుఖం లేదు," అన్నాడు.

మంగళవారం రాత్రి రెండూ పదికి కరెంటు పోయింది.
గుంటలో చక్రాలు ఆగినాయి.
నీళ్ళలో ప్రాణవాయువు నాలుగు, మూడున్నర, మూడు.
టవరు కూడా బ్యాటరీ మీదే ఊపిరి పీలుస్తా ఉండాది.
ఊరంతా నిద్ర. గాలంతా ఖాళీ.
ట్యాంకరు మొత్తం మా డబ్బాకే.

మాట గట్టు దాటింది, తోపు దాటింది,
టవరు కాలు వెంట దిగి
రోడ్డు వార మట్టిలో గాజుపోగు పట్టుకుని వెలుగయింది.
నెల్లూరు, మద్రాసు, యాడో బొంబాయిలో ఒక మిషను,
మళ్ళీ ఎనక్కి, దర్గామిట్టకి.
పదిహేను మైళ్ళ కబురుకి ఎన్ని వందల మైళ్ళు!

ఓనరు ఫోను ఏ టవరు నీడన ఉందో ఎవురికీ రూఢిగా తెలవదు.
ఆ చుట్టుపక్కల టవర్లన్నీ పేరెట్టి పిలిచినాయి.
ఫోను చచ్చినట్టు పడుంటాది గానీ నిద్రపోదు.
సెకనుకొకసారి చెవి తెరిచి
నన్నేమన్నా పిలిచినారా అని విని,
మళ్ళీ మూస్తాది.
కోడికునుకు.

పలికింది.
మోగలా.
ఓనరు సైలెంటులో పెట్టుకుని పడుకున్నాడు.

తెల్లారి పోయి చూపించినా:
ఇదిగో మామా, రెండూ పదకొండుకే కబురు చేరిపోయింది.
జనరేటరు పక్కన డీజిలు చేతులు తుడుచుకుంటా
"అప్పటికి హ్యాండిలు తిప్పతా ఉండా," అన్నాడు.
"చక్రం మోత ఆగితే నాకు నిద్రెట్ట పడతాది?"

ఇద్దరిదీ ఒకటే కునుకని చెప్పాలనిపించింది.
చెప్పలా.

కాకి వాలి డబ్బా చెవి పక్కకి ఒరిగింది.
వలదారంతో తనే బిగించి కట్టినాడు.
"మూడో గీత ఎప్పుడొస్తాది?"
తోపు కొట్టేస్తే రావచ్చన్నా.
తోపు వైపు చూసినాడు.
కిందే ఆయన మంచం, మూకుడు, చొక్కా తగిలించిన కొమ్మ.

"రెండు చాల్లే," అన్నాడు.