అందుబాటు

ఆగడం గురించి ఇంత ఆలోచించాల్సొస్తుందని
కొన్నరోజు తెలీదు.

పర్లాకిమిడి బస్టాండు వెనక రేకుల షెడ్డులో
దండాసి పాత్రో నా సైకిల్ని తలకిందులు చేశాడు.
వంకీ తిరిగిన దాని హ్యాండిలు గోనెపట్టా మీద
కుమ్ములాటలో ఓడిన పొట్టేలు కొమ్ముల్లా ఆనింది.

కొండమీది ఆసుపత్రి వదిలిపోతూ
ఒక విదేశీ నర్సు కాంపౌండరుకి ఇచ్చిన బండి.
కాంపౌండరు కొడుకు దాన్ని ఇరవయ్యేళ్ళు
కోళ్ళగంప పక్కన నిలబెట్టి
నాకు పదిహేను వందలకి అమ్మాడు.
గంట మాత్రం విప్పి ఉంచుకున్నాడు.

ఇరవైయేడు అంగుళాల చక్రాలు దానివి.
ఆ టైరు ఇప్పుడు బరంపురంలో లేదు, విశాఖలో లేదు.
అందుకని కొత్త చక్రాలు వేయించాను,
తేలికవి, తెల్లగా మెరిసేవి,
పిసరంత చిన్నవి.

"నాలుగు మిల్లీమీటర్లు,"
చిటికెనవేలి గోరు చూపించాడు దండాసి.
"పాత బ్రేకు సెయ్యి సాలదమ్మా.
అందితే రిమ్ము, అందకపోతే టైరు.
టైరుని పట్టుకుందంటే ఘాటీ దిగువన నీకు
అటు కొండ, ఇటు గెడ్డ."

ఒడియా పేపరు పరిచి మూడు జతలు పెట్టాడు.

మొదటిది కొత్తది. నల్లగా, నూనె రాసిన పాములా.
వేలు తగిలితే చాలు, పట్టేస్తుంది.
కానీ దాని బోల్టు దిగాలంటే
ఫోర్కు కన్నం పెద్దది చెయ్యాలి.
"డ్రిల్లుంది నాకాడ,"
అని, చెయ్యి తుడుచుకుంటూ ఆగాడు.
"పెద్దదయిన కన్నం మరి సిన్నదవదు. నువ్వే సెప్పాల."

రెండోది నా పాతదే.
గాడిని ఆకురాయితో కిందికి సాగదీస్తే
రెండు మిల్లీమీటర్లు కలిసొస్తాయట.
కొమ్ము పని చేసే బావమరిది ఉన్నాడట,
గేదె కొమ్ములోంచి కొంగ మెడ తీసేవాడికి
ఇదో లెక్కా అట.
"మిగతా రెండూ?"
"మిగతా రెండూ దేముడు."

మూడోదాన్ని చూసి నవ్వాను.
పీల నడుం, మోకాళ్ళు దాటే చేతులు,
నడిమిన ఒక్క తీగ లాగితే
రెండు పక్కలా కదిలే తోలుబొమ్మ.
తయారీదారు పేరున్నచోట తుప్పు.
గుణుపురం పాతసామాన్ల కొట్టులో
కిలోల లెక్కన కొన్నాడట.

చిన్న రైలు తీసేసి పట్టాలు వెడల్పు చేసిన ఏడు
ఓ బుల్లి ఇంజను చాలా రోజులు ఎండలో నిలబడి ఉండేది.
దానికే జబ్బూ లేదు.
పట్టాలే దూరం జరిగాయి.
ఎందుకు గుర్తొచ్చిందో. దండాసికి చెప్పలేదు.

మొన్న ఆషాఢం ముసురులో
మలుపు తిరిగేసరికి రోడ్డంతా మేకలు.
రెండు చేతులా నొక్కాను.
సైకిలు ఆలోచించుకుంటూ ముందుకే పోయింది.
చెప్పు అరిగిపోయేదాకా కాలు ఈడ్చి
చివరి మేక తోక దగ్గర ఆగాను.
మేకల ముసలమ్మ సవరలో ఒక్క మాటంది.
నాకు సవర రాదు.
ఆ మాట మాత్రం అర్థమైంది.

"పొడుగు చేతులదే వెయ్యి," అన్నాను.
"అది అందంగా ఉండదు."
"అందుతుంది కదా."
దండాసి నావైపు ఓసారి చూసి
రెంచీ తీసుకున్నాడు.

తీగ బిగించి, వదిలి, మళ్ళీ బిగించి,
ఒక కన్ను మూసి రిమ్ముకీ రబ్బరుకీ మధ్య
సందులోంచి వెలుతురు చూసి,
మూడు వందల యాభై అన్నాడు.
పాత జత పేపర్లో చుట్టి నా సంచిలో వేశాడు,
అడక్కుండానే.

మహేంద్రతనయ వంతెన దాకా వెళ్ళి నొక్కాను.
కీచుమంది.
ఇసుకలో పడుకున్న కుక్క లేచింది,
బట్టలుతికే ఆవిడ తల తిప్పింది.
నేననుకున్న చోటికి రెండు బారలు అవతల
సైకిలు ఆగింది.
వంగి చూశాను. రబ్బరు రిమ్ము మీదే ఉంది.
టైరుకి గీత పడలేదు.

అరుపు తగ్గించడానికి
ఆదివారం మళ్ళీ రమ్మన్నాడు దండాసి.
వెళ్ళనేమో.
ఘాటీలో మేకలున్నాయి,
గంట ఎలాగూ లేదు.