ఐదో గడి

దెగ్లూరు దాటి లెండి వాగు ఇసుక ఎక్కితే
జొన్న కోసిన చేను. కొయ్యకాళ్ల నడుమ
రెండు మందలు, రెండూ నల్లగొర్రెలే.
నా సంచిలో ఐస్ డబ్బా, కుక్కల సూదులు, రిజిస్టరు.
పేరు, ఊరు, యజమాని, రంగు, జాతి.

నాలుగు గళ్లు నిండాయి.
ధోండిబా కుక్క వాఘ్యా, బీరవ్వ కుక్క పులిగాడు;
ఆ పేర్ల అర్థం కూడా ఒక్కటే.
ఐదో గడి దగ్గర కలం ఆగింది.

తడిసిన గోనెసంచి రంగు,
ఎడమ చెవి సగానికి వాలి,
తోక కొడవలి.
ఒకదానికే రెండుసార్లు సూది పొడవబోయాను.
"సారూ, దానికి అయిపోయింది" అని బీరవ్వ
గొంగడి చాటున నవ్వింది.

"నాది పోయే కుక్క, ఆమెది ఉండే కుక్క"
అన్నాడు ధోండిబా, సగం మరాఠీలో.
నాకు అర్థం కాలేదు. గట్టు మీద కూర్చున్నాను.

వాఘ్యా కాళ్లలో ఎవరో వడిసెల తిప్పుతున్నట్టే ఉంది.
ఒక్క ఈల వేస్తే
మంద చుట్టూ సున్న గీసి వస్తుంది.
పక్క చేని కంది మీద మూతి చాచిన గొర్రె
ఎప్పుడు వెనక్కి మళ్లిందో ఆ గొర్రెకే తెలియదు.
కరవదు. మడమ పక్కన గాలిని కరుస్తుంది.
నడుమ నడుమ ధోండిబా ముఖం చూస్తుంది,
లెక్క అప్పజెప్పి, సరేనా అన్నట్టు.

పులిగాడు ఏమీ చెయ్యడు.
ఈనిన గొర్రె వాడి వీపుకు ఆనుకుని నెమరు వేస్తుంది.
పొట్టేలు వాడి మీదుగా దాటిపోతుంది.
ఈల వేస్తే ఒక చెవి కదులుతుంది, అంతే.
"కండ్లు తెరవకముందే గొర్రెల్ల ఏసిన.
గొర్రెపాలే తాగిండు.
మా మాట ఇనడు సారూ, మంద మాట ఇంటడు."

పొద్దు వాలుతుంటే అప్పుడు కనిపించింది:
వాఘ్యా ముఖం ఎప్పుడూ మంద వైపే.
పులిగాడి ముఖం ఎప్పుడూ బయటికే,
వాగు వైపు, సర్కారు తుమ్మల వైపు,
చీకటి ఎటు నుంచి మొదలవుతుందో అటు.

పోయిన పూసమాసంలో తోడేలు వచ్చిందట.
వాఘ్యా అరిచి, ఉరికి,
రెండు మందల్నీ కలిపి ఒక్క ముద్ద చేసి
ఆ ముద్దను విడవలేదు.
పులిగాడు అరవనే లేదు. లేచి పోయాడు.
తెల్లారి, గొర్రెలు కదిలే వేళకు తిరిగొచ్చాడు.
"ఆ ఒక్క రాత్రి నాది ఉన్నది, ఆమెది పోయింది"
అని ధోండిబా బీడీ ఆర్పాడు.

నేను పులిగాడి చెవి పట్టుకు చూశాను.
వాలిందనుకున్నాను కదా,
వాలలేదు. సగం లేదు.
అంచు గట్టిపడి, ఎండిన చింతతొక్కులా ఉంది.
వాడు నా చేతిని చూడలేదు,
నా వెనక ఉన్న తుమ్మల్నే చూస్తున్నాడు.

ఆఫీసులో ఇలాంటి వాటికి ఒకటే మాట ఉంది.
రెండు వరుసల్లోనూ 'దేశీ' అని రాశాను.
ఒకే సిరా, ఒకే చేతిరాత.
సిగ్గేసింది కొంచెం.

బండి దాకా వాఘ్యా నన్ను తోలుకొచ్చింది,
దారి తప్పిన ప్రతిసారీ పిక్క దగ్గర ముక్కు ఆనించి.
పులిగాడు లేవలేదు.
వాగు దిగి, అవతలి ఒడ్డు ఎక్కేదాకా
నా వీపు మీద వాడి చూపు,
నేనింకా తోడేలునో కాదో తేలనట్టు.