ఆటుపోట్ల పట్టిక

మెటెగన్ రేవులో ఏడాదికో పుస్తకం ఊరికే ఇస్తారు.
ఫండీ సముద్రం ఎప్పుడు పొంగుతుందో, ఎప్పుడు వెనక్కి తీస్తుందో
నిమిషాలతో సహా అచ్చువేసి.
దాని అంచుల్లోనే మొదలుపెట్టాను,
పెన్సిలుతో,
తేడాగా కనిపించిన రోజుకి ఒక ఇంటూ గుర్తు.

మొదటిది జనవరి నాలుగు.
కళ్ళు మూసుకుని ముళ్ళు వేసే ఆన్సెల్మ్
లాబ్‌స్టర్ బోను తాడుకి వేసిన ముడి
తన చేతుల్లోనే జారిపోయింది.
చలి, అన్నాడు.
చలే అనుకున్నాను.

భుజం విరిగింది అంతకు ముందు సీజనులో.
డాక్టరు రాసిచ్చిన మాత్రలు ముప్ఫై.
తర్వాత ఇంకో ముప్ఫై.
భుజం అతుక్కుందని ఎక్స్‌రే చెప్పింది.
ఆ సంగతి మాత్రలకి ఎవరూ చెప్పలేదు.

అబద్ధం మొదట్లో అబద్ధంలా ఉండదు,
అడగని ప్రశ్నకి జవాబులా ఉంటుంది.
"డీజిల్ మళ్ళీ పెరిగింది తెలుసా" అంటాడు
నేను డబ్బు ఊసెత్తక ముందే.
మధ్యాహ్నం కనుపాపలు ఆవగింజలు.
సాయంత్రం మాటలన్నీ తేనె.
రాత్రి ఎనిమిది దాటితే
ఒంటి మీద చీమలు పాకుతున్నట్టు
గదిలోంచి గదిలోకి.
ఇక్కడి నీళ్ళు మాట తప్పవు, ఆరుగంటలకోసారి తిరిగొస్తాయి.
తన ఆటుపోట్లు నాకు కంఠతా వచ్చేశాయి.

చర్చి విందు కోసం బిస్కెట్ల డబ్బాలో దాచిన డబ్బులో
నలభై డాలర్లు తగ్గాయి.
ఎవరు తీశారని అడగలేదు.
డబ్బాని పై అరలోకి మార్చాను, అంతే.
తనకి జ్వరమని
డెక్కు మీది కుర్రాడు రేమికి నేనే ఫోను చేశాను.
మూడోసారికి నా గొంతు తడబడలేదు.
ఇవి కూడా గుర్తులే.
వీటిని రాసుకోలేదు.

ఫిబ్రవరి పేజీ తిప్పితే
నా ఇంటూల పక్కన సున్నాలు.
ఆకుపచ్చ క్రేయానుతో, శ్రద్ధగా చుట్టినవి.
మంగళవారం ఒకటి, శుక్రవారం ఒకటి,
తర్వాత రోజూ.
కొన్ని రోజులకి రెండేసి.

నోయెలీకి తొమ్మిదేళ్ళు.
రాపీ పై కోసం బంగాళాదుంపలు తురుముతోంది.
తల ఎత్తకుండానే చెప్పింది:
"నాన్నవి నువ్వు వేస్తున్నావు కదా.
మరి నీవి ఎవరు వేస్తారని."

నా చేతిలో కప్పు ఉంది.
పొద్దున్నించీ టీ తాగుతున్నాననే అందరి లెక్క.
ఆ టీ చల్లారదు,
ఎప్పుడూ వేడిగా లేదు గనక.

సున్నాలు లెక్కపెట్టాను.
ఇంటూల కంటే పదకొండు ఎక్కువ.
ఇది వైను, కొట్లో కొన్నది, బిల్లు ఉంది, అనుకున్నాను.
ఒక్క రోజూ పని మానలేదు అనుకున్నాను.
నాలాంటి రోజు ఎవరికొచ్చినా తాగుతారు,
కావాలంటే రేపే మానేస్తాను...
ఎక్కడో విన్న మాటలు.
ఆన్సెల్మ్ గొంతులో విన్నవి.

నోయెలీ దుంపల రసం పిండుతోంది,
పాతగుడ్డలో కట్టి, రెండు చేతులా మెలిపెట్టి.
సాయం చెయ్యనా అన్నాను.
వద్దంది.

సముద్రం తీసేసింది.
పడవలు బురదలో పక్కకి ఒరిగి ఉన్నాయి.
రేవు చివర ట్రక్కులో, ఇంజను ఆపకుండా, తను.
అద్దాలు ఆవిరి పట్టేశాయి.
తట్టాను.
తలుపు తీస్తూనే మొదలుపెట్టాడు, "చలిగా ఉందని..."

పక్కన కూర్చుని పట్టిక తొడ మీద పరిచాను.
ఇంటూలు చూపించాలని నెలన్నర నించీ అనుకుంటున్నదాన్ని
ముందు సున్నాల మీద వేలు పెట్టాను.
ఇవి నావి, అన్నాను.
పాప వేసింది.

చాలాసేపు చూశాడు.
పెదవులు కదులుతున్నాయి, లెక్కపెడుతున్నాడు.
తన ఇంటూల దగ్గరికి వచ్చి ఆగి,
మళ్ళీ మొదటి సున్నా దగ్గరికి వెళ్ళాడు.

తర్వాత తాళంచెవి తిప్పి ఇంజను ఆపాడు.
మెల్లగా చలి లోపలికి వచ్చింది.
ఈసారి నిజంగా చలే.