నీళ్ళు నమిలిన రాత్రి

సస్కాచివాన్‌లో ఫిబ్రవరి. బయట మైనస్ ముప్ఫై ఒకటి.
కర్లింగ్ రింకు పక్క హాల్లో
కోట్లు విప్పకుండానే కూర్చుంది ఊరు.
మినిట్స్ రాయడం నా పని.
నాకంటూ ఓ అభిప్రాయం లేకపోవడం కూడా.

పళ్ళ డాక్టరు మారెన్ టేవ్స్ లేచింది:
"మూడేళ్ళలో రెండో తరగతి పిల్లల నోళ్ళలో
పుచ్చిపళ్ళు పావువంతు తగ్గాయి. ఫ్లోరైడు చలవే."
ఆమె చేతిలో గ్రాఫు. గీత బుద్ధిగా కిందికి దిగుతోంది.

డార్సీ ఫెహేర్ లేచాడు, టోపీ నలుపుతూ:
"మావాడికి చదువు మీద ధ్యాస నిలవనిదీ
ఈ మూడేళ్ళుగానే.
ఇదిగో, ఎక్కడో గర్భిణుల మూత్రం కొలిచిన పేపరు."
"అక్కడి మోతాదు వేరు."
"మోతాదా! నా కొడుకు రోజుకెన్ని గ్లాసులు తాగుతాడో
నీకేం తెలుసమ్మా?"

మేయరు వెనక వరసకేసి చూసింది:
"ఒరెస్ట్, ఇప్పుడు ఎంత కలుపుతున్నావు?"

ఒరెస్ట్ నీళ్ళు నమిలాడు.
ముప్ఫై ఏళ్ళుగా ఊరికి నీళ్ళు పట్టిన మనిషి.
"పంపు పాడై మూడేళ్ళు.
విడిభాగం కోసం రెండుసార్లు రాశాను.
ఎవరూ పలకలేదు."

హీటరు చప్పుడొక్కటే.
మారెన్ గ్రాఫును బోర్లించింది.
డార్సీ పేపరును మడిచి, మళ్ళీ మడిచి,
ఇక మడవలేనంత చిన్నది చేశాడు.

"బోరులో కొంత ఎలాగూ ఉంటుంది లెండి"
అని గొణిగాడు ఒరెస్ట్.
ఎంతో ఎవరూ అడగలేదు.
రాశాను. కొట్టేశాను. మళ్ళీ రాశాను.

ఇంటికొచ్చి పళ్ళు తోముకుని
నోటినిండా నీళ్ళతో
సింకు ముందు నిలబడ్డాను చాలాసేపు,
ఉమ్మాలో
మింగాలో