కుడివైపు వెన్ను

ఆండర్సన్ వీధిలో కాగితం కొట్ల పైన
దూలానికి తల వంచితే గానీ ఎక్కలేని అటక మాది.
మా ఆయన పోయాక జిగురు డబ్బా నాకొచ్చింది,
దబ్బనం వచ్చింది, మైనం పట్టిన దారం వచ్చింది,
ఎడమవైపే కుట్టాలన్న అలవాటూ వచ్చింది.

ఆ అలవాటుతోనే పాడుచేశాను
ఇట్టూప్ పాదిరిగారి పాత పుస్తకం.
పూజలో పైకి చదివే పాఠాలట, సురియానీలో.
అట్ట తెరిచి చూసి ఆయన కోప్పడలేదు.
"మా ఇంటి తలుపు అటుపక్కుంటుందమ్మా" అన్నారు.
విప్పాను. డెబ్బై రెండు కుట్లు.
ఒక్కో ముడీ తెగుతుంటే
పంటికింద ఇసక.

ఆ డిసెంబరులో వాన మోకాలి దాకా నిలిచింది.
మన్నడి నుంచి మీరా లెబ్బై
తలమీద ఇత్తడి పళ్ళెంలో మోసుకొచ్చాడు
వాళ్ళ తాత ఓదిన ఖురాను,
నాని, ఉబ్బి, బరువెక్కి.
"కాళ్ళూ చేతులూ కడుక్కుని ముట్టుకో అక్కా."
మోచేతుల దాకా కడుక్కున్నాను.
పూజకి ముందు పాదిరిగారూ వేళ్ళు కడుక్కుంటారని
తర్వాత తెలిసింది.
ఆ వారం మాత్రం అందరికీ
నీళ్ళు ఒకే లారీలో వచ్చాయి.

ఒకే తాడు మీద ఆరేశాను రెంటినీ,
పక్కపక్కన, తగలనీయకుండా.
ఒకదాని అక్షరాలు కొంకీలు, ఒకదానివి పడవలు.
రెండూ కుడినుంచి ఎడమకే నడుస్తాయి.
రెండూ నాకు రావు.

ఆరిందా లేదా చూడ్డానికి
ఇద్దరూ ఒకే మధ్యాహ్నం వచ్చారు. టీ తెప్పించాను.
లెబ్బై ఒక పుట చూపించి "ఇది మాయిదా" అన్నాడు.
"మైదానా?" అన్నాను. చేతినిండా అదేగా.
నవ్వాడు. మాయిదా అంటే బల్ల,
అన్నం పరిచిన బల్ల.
ఆకాశం నుంచి ఒకటి దింపించమని
ఈసా నబీని శిష్యులు అడిగారట,
తిని గుండె నెమ్మది చేసుకుంటామన్నారట.
మొదటివాళ్ళకీ చివరివాళ్ళకీ అది ఈదు కావాలని
ఆయన పైకి చూసి వేడుకున్నాడట.

పాదిరిగారి గ్లాసు పెదవి దగ్గర ఆగింది.
"ఏదా" అన్నారు. "మాకూ పండగే ఆ మాట.
ఆ బల్ల మేం ఆదివారం ఆదివారం పరుస్తాం."

ఇక ఒక్కొక్కటే తీసి పెట్టారు నా కోత బల్ల మీద,
చెల్లుతాయో లేదో తెలియని నాణేల్లా.
సలాత్, స్లోథా.
సౌమ్, సౌమా.
ఖురాన్, కెర్యానా. చదివి వినిపించేది.

"మీ చెవిన మా మాట పడిందేమో" అని ఆయన.
"పైనుంచి దిగింది సామీ" అని ఇతను.
కాసేపు ఎవరూ మాట్లాడలేదు.
కింద వీధిలో కాగితం రీములు దింపుతున్నారు,
ధబ్, ధబ్.

లెబ్బైయే మళ్ళీ అందుకున్నాడు:
"ఆ బల్ల దిగిందా లేదా అన్నది
మా పెద్దల్లోనే రెండు మాటలు.
తిన్నాక నమ్మకపోతే శిక్ష తప్పదని వినగానే
జడిసి, వద్దులే అనేశారంటారు కొందరు."
"మేం జడవలేదు, తినేశాం" అన్నారు పాదిరిగారు.
నవ్వారో లేదో గడ్డంలో తెలియలేదు.

నేనడిగాను ఆ రొట్టెలో ఏముంటుందని.
గోధుమపిండి, నీళ్ళు. అంతే.
నా డబ్బాలోనూ అవే,
పురుగు పట్టకుండా మైలుతుత్తం ఎక్కువ.
నాది తింటే చస్తారు,
పూస్తే నూరేళ్ళు పట్టుకుంటుంది.

రెండిటికీ వెన్ను కుడివైపే వేశాను.
దిగేటప్పుడు మెట్లు తడి.
రెండు పుస్తకాలూ లెబ్బై చంకలో పెట్టుకున్నాడు,
పాదిరిగారు అతని భుజం పట్టుకున్నారు.
దూలం దగ్గర వంగారు, ముందు ఒకరు, వెనక ఒకరు.

పాదిరిగారి దగ్గర నలభై రూపాయలు బాకీ.
మళ్ళీ అడగలేదు.