తొలి పాదం

ద్రాక్షకొమ్మల మంట ముందు కూర్చుని
బాద్రి మూడో తరగతి లెక్కల పుస్తకం తెరిచాను.
వాడికిప్పుడు మీసాలు. వాడు వదిలేసిన వెనక పేజీల్లో
నా ఏడాది ఉంది, పెన్సిలుతో, తడివేళ్ళతో.

ఫిబ్రవరి: కత్తిరింపులు, పదకొండు వరుసలు.
మార్చి: మోటారు కాలింది. ఎల్గూజా బాగుచేశాడు. డబ్బు పుచ్చుకోలేదు.
మే: మందు కొట్టించాను. నూట నలభై బాకీ.
ఆగస్టు పంతొమ్మిది.
దానెదురుగా ఏమీ లేదు.
తేదీ మాత్రం రెండుసార్లు దిద్ది ఉంది.

ఇరవై నిమిషాలు.
అక్రోటుకాయలంత వడగళ్ళు.
ఆ వెంటనే ఎండ, ఏమీ ఎరగనట్టు.
అలజాని లోయ అంతా పిండిన ద్రాక్ష వాసన,
పిండింది మేం కాదు.
కోళ్ళకి మాత్రం ఆ రోజు పండగ.

మా దగ్గర కొత్త ఏడాది తనంతట తాను రాదు.
ఎవరో ఒకరు గడప దాటించి లోపలికి తేవాలి.
అర్ధరాత్రి దాటాక మొదట అడుగుపెట్టిన మనిషి మెక్వ్లే.
ఆ పాదం ఎలాంటిదో ఏడాదీ అలాంటిదే.
పోయినేడు మా వీధిలో ఏడిళ్ళకి ఎల్గూజాయే తొలి పాదం,
జేబునిండా మిఠాయిలు, బూట్లనిండా మంచు.
ఆగస్టు తరవాత ఏడిళ్ళూ
మిఠాయిలు మరిచి బూట్లనే తలుచుకున్నాయి.

"అంతా ఆ కాలి మహిమే" అంది నానూలి,
పగిలిన కిటికీ గాజు ఊడ్చుకుంటూ.
నేనూ అన్నాను. ఒక్కసారే.
రొట్టెల బట్టీ దగ్గర,
వెనక ఎవరున్నారో చూసుకోకుండా.
వెనక అతనే ఉన్నాడు.
వేడిరొట్టె కోటులోపల దోపుకుని
చిల్లర రెండుసార్లు లెక్కపెట్టుకుని
వెళ్ళిపోయాడు.
ఇది పుస్తకంలో రాయలేదు.

కొత్త పేజీ.
పైవరుసల్లో నలభై సపెరావి మొక్కలు.
నెర్రెలిచ్చిన పాత క్వెవ్రీకి సున్నం పూత,
నేలలోనే ఉండనిస్తూ, తల లోపలికి దూర్చి.
ఒక్క వరుసకైనా వడగళ్ళ వల.
ఎడమవైపు పన్ను పీకించుకోవాలి.
నానూలితో మాటలు తగ్గించాలి.
(ఇది కొట్టేశాను. తప్పు నానూలిది కాదు.)

తొలి పాదం:
ఇక్కడ పెన్సిలు ఆగింది.
ఈసారికి వీధంతా డాక్టరమ్మ మనవణ్ణి మాట్లాడుకుంది.
ఆరేళ్ళవాడు, ఏ పాపమూ తొక్కని బూట్లు.
నిద్రలేపి, దుప్పటి చుట్టి, ఏడిళ్ళూ తిప్పుతారట.
మా ఇంటికి నాలుగో వంతు.

మంట తగ్గింది. కొమ్మ ఎగదోస్తుంటే
తట్టిందొక సంగతి, ఇంత ఆలస్యంగా.
అతని తోటలోనూ పడ్డాయి వడగళ్ళు.
పోయినేడు అతను మా గడపలన్నీ తొక్కి తిరుగుతుంటే
అతని గడప ఎవరు తొక్కారు?
ఒంటిమనిషి. తన చీకటింట్లోకి
తన అదృష్టం తానే మోసుకెళ్ళి ఉంటాడు,
అప్పటికి జేబులో మిఠాయిలు అయిపోయి.

పన్నెండు కొట్టింది. తుపాకులు, టపాకాయలు, కుక్కలు.
తేనెపాకంలో అక్రోటు ముక్కలు పళ్ళెంలో పెట్టుకుని
చెప్పుల్లోనే రోడ్డు దాటాను.
లోపల దీపం లేదు. మనిషి ఉన్నాడని దగ్గు చెప్పింది.

"ఎవరది?"

ఆచారం ప్రకారం అనాల్సిన మాట ఒకటుంది:
పాదం నాది, జాడ దేవదూతది.
"పాదం నాది" వరకూ అన్నాను.
రెండో సగం రాలేదు.
నా నోరు ఎలాంటిదో అతను రొట్టెలబట్టీ దగ్గరే విన్నాడు,
దేవదూతని ఏ మొహంతో సాక్షి పిలవను?

గడియ చాలాసేపు ఆలోచించి జారింది.
తలుపు జానెడు తెరుచుకుంది.
కుడికాలు ఎత్తాను, జాగ్రత్తగా,
చేతిలో పళ్ళెం వణుకుతోంది,

ఎక్కణ్ణించి వచ్చిందో మురియా, అతని కుక్క,
టపాకాయలకి బెదిరి
నా కాళ్ళ సందునుంచి లోపలికి దూసుకుపోయింది.

నాలుగు పాదాలు. నాలుగూ బురదే.
పొయ్యిదాకా పడ్డ ముద్రలకేసి
అతను చూశాడు, నేనూ చూశాను.
గాల్లో నా కాలు ఇంకా అలాగే ఉంది.

"సరే" అన్నాడు ఎల్గూజా, పళ్ళెం అందుకుంటూ,
"వచ్చే ఆగస్టుకి ఎవర్ని తిట్టాలో తెలిసింది."