అనుభవం: ఆరేళ్లు

బ్రాడ్‌ఫర్డ్. కాన్పుల వార్డు. మంచం ఖాళీ.
ఎరిత్రియా నుంచి వచ్చిన సెలామ్
కిటికీ కింద గొంతుక్కూర్చుంది,
హీటరు గొట్టం పట్టుకుని.

"పైకెక్కించు" అంది డాక్టర్ హాజెల్.
నేను మోకాళ్ల మీద కూలబడ్డాను.

ఉద్యోగం ఫారంలో ఆరేళ్లే రాశాను.
తొమ్మిదో ఏట, పోలమ్మత్త పక్కన
లాంతరు పట్టుకున్న రాత్రులు రాయలేదు.
సోలెడు బియ్యం, ఓ పాత చీర ఆమె జీతం.
ఊరందరికీ పురుడు పోసిన చేతులకి
నీళ్లు మాత్రం
ఎత్తునుంచి పోసేవారు.

సెలామ్ భాష నాకు రాదు.
"ముక్కు తల్లీ, ఇంకొక్కసారి"
తెలుగులోనే అన్నాను.
ముక్కింది.

ఐదుంబావు. ఆడపిల్ల.
డాక్టరు ఏదో రాసుకుంటోంది.
గ్లవుజులు విప్పేశాను.
ఒట్టి చెయ్యి పట్టుకుంది సెలామ్,
వదల్లేదు.
నా టీ చల్లారిపోయింది.